వీడియో ఫైలు చిన్నదవ్వాలి, బొమ్మ చెదరకూడదు: కీఫ్రేములూ బీ ఫ్రేములూ ఎలా పెట్టుకోవాలి

వీడియోల గురించి నన్ను అడిగే ప్రశ్నలు తిప్పి తిప్పి నాలుగే. "రెండు వీడియోలదీ ఒకే నిడివి, ఒకే రిజల్యూషన్. ఒకటి 40 ఎంబీ, ఇంకోటి 400 ఎంబీ. ఎందుకలా?" "సైజు తగ్గించాను, మనిషి పరుగెత్తగానే ముఖం చదరాలు చదరాలైపోతోంది." "ముందుకు లాగితే నేను వదిలిన చోట ఆగదు, ఇంకెక్కడో ఆగుతుంది." "మధ్యలోంచి ముక్క కోశాను, మొదటి రెండు సెకన్లూ బూడిద రంగు మరకలే." విడివిడిగా చెప్పీ చెప్పీ అలిసిపోయాను. నాలుగింటి వేరూ ఒకటే కాబట్టి ఒకేచోట రాసేస్తున్నాను.

ముందు కాస్త సిద్ధాంతం, ఒక్క పేరా. 1920×1080 వీడియోను సెకనుకు 30 ఫ్రేముల చొప్పున ఏమీ కుదించకుండా దాస్తే, మామూలు 8 బిట్, 4:2:0 రంగుతోనే (రంగు వివరాన్ని తగ్గించి దాచే పద్ధతి) సెకనుకు దాదాపు 93 ఎంబీ అవుతుంది. నిమిషానికి 5.6 జీబీ. అందుకే ఎన్‌కోడర్, అంటే వీడియోను కుదించే ప్రోగ్రాము, ప్రతి ఫ్రేమునూ కొత్తగా గీయదు. ఒక ఫ్రేమును పూర్తిగా గీస్తుంది. అది ఐ ఫ్రేము. ప్లేయరు నేరుగా మొదలుపెట్టగల ఐ ఫ్రేమునే కీఫ్రేము అంటాను. తర్వాతి ఫ్రేమును చదరాలుగా విడగొట్టి, "ఈ చదరం ఇందాకటి ఫ్రేములో ఐదు పిక్సెళ్లు ఎడమగా ఉన్నదే" అని చిరునామా రాసుకుంటుంది. ఆ చిరునామానే మోషన్ వెక్టర్ అంటారు. అక్కడి నుంచి తెచ్చి అతికించాక, అసలు బొమ్మకూ దీనికీ మిగిలిన తేడాను మాత్రం విడిగా రాస్తుంది. ఇలా వెనకటి ఫ్రేమును చూసి అంచనా కట్టినది పీ ఫ్రేము. వెనకదాన్నీ, రాబోయేదాన్నీ రెండింటినీ చూసి కట్టినది బీ ఫ్రేము. 1988 నాటి హెచ్.261 అనే కుదింపు పద్ధతిలో బీ ఫ్రేములు లేకపోయినా, ఆయువుపట్టు ఈ చిరునామాలే. అప్పట్లో చదరం పూర్తి పిక్సెళ్ల లెక్కనే జరిగేది, 2003లో వచ్చిన హెచ్.264లో పావు పిక్సెల్ దాకా జరుగుతుంది. 2013 నాటి హెచ్‌ఈవీసీ, 2018 నాటి ఏవీ1 ఇదే పనిని ఇంకా పెద్ద చదరాలతో, ఇంకా తెలివిగా చేస్తాయి.

ఇందులోంచి మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: ఫైలు సైజు మీ వీడియో ఎంత పొడవుందన్న దానికంటే, తర్వాతి ఫ్రేమును ఎంత బాగా ఊహించవచ్చన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. కదలని స్లయిడు ముందు కూర్చుని మాట్లాడే మనిషి 40 ఎంబీలో సరిపోతాడు. వానలో ఊగే చెట్టు 400 అడుగుతుంది. చాలామంది తిన్నగా క్వాలిటీ స్లయిడర్ దగ్గరికే పోతారు. అది అయిదో మెట్టు. దానికి ముందు చేయాల్సిన పనుల్లోనే సగం లాభం ఉంది.

కావలసినవి

హ్యాండ్‌బ్రేక్: కుదించడానికి. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ ఉచితం.
మీడియాఇన్ఫో: ఫైలు లోపల ఏముందో చదవడానికి.
అవిడెమక్స్: ఏ ఫ్రేము ఏ రకమో చూడటానికి, కీఫ్రేముల దగ్గర కోయడానికి.
వీఎల్‌సీ: కంటితో పరీక్షించడానికి.
ఒరిజినల్ ఫైలు. ఎవరో ఫార్వర్డ్ చేసినది కాదు, కెమెరాలోంచో ఫోన్‌లోంచో నేరుగా తీసుకున్నది.

కమాండ్ లైను అలవాటున్నవాళ్లు ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో ఇవన్నీ చేసుకోవచ్చు. సెట్టింగులు అవే, టైపు చేసే తీరు వేరు.

ఒక హెచ్చరిక: పరీక్షలన్నీ పూర్తయ్యేదాకా ఒరిజినల్‌ను చెరపకండి. ఒకసారి కుదించినప్పుడు పోయిన వివరం మళ్లీ రాదు.

1. ముందు ఫైలు జాతకం చూడండి

మీడియాఇన్ఫోలో ఫైలు తెరిచి, టెక్స్ట్ వ్యూ పెట్టి, నాలుగు విషయాలు కాగితం మీద రాసుకోండి: కోడెక్ (ఏ పద్ధతిలో కుదించారో), బిట్‌రేటు (సెకనుకు ఎన్ని బిట్లో), ఫ్రేమ్‌రేటు (అది స్థిరమా, మారుతూ ఉంటుందా), స్కాన్ టైపు (ప్రోగ్రెసివా, అంటే పూర్తి ఫ్రేములా; ఇంటర్‌లేస్డా, అంటే గీత విడిచి గీతగా రెండు సగాలా).

ఫోన్ వీడియోలు చాలావరకు మారే ఫ్రేమ్‌రేటుతో వస్తాయి. పాత క్యామ్‌కార్డర్ టేపులు, టీవీ రికార్డింగులు ఇంటర్‌లేస్డ్‌గా వస్తాయి. రెండూ తర్వాత తలనొప్పి తెస్తాయి, ఇప్పుడే తెలిస్తే మంచిది.

బిట్‌రేటు కూడా చూడండి. 1080 వీడియో, సెకనుకు 30 ఫ్రేములు, ఇప్పటికే 2 ఎంబీపీఎస్‌కు (సెకనుకు 2 మెగాబిట్లకు) దిగువన ఉంటే దాన్ని వదిలేయమనే నా సలహా. పిండిన బట్టను మళ్లీ పిండితే నీళ్లు రావు, బట్టే చిరుగుతుంది. మెసేజింగ్ యాప్ ద్వారా వచ్చిన వీడియోలు దాదాపు అన్నీ ఈ కోవలోవే.

2. ఫైలు ఎందుకోసమో తేల్చుకోండి

కీఫ్రేముల మధ్య దూరం దీన్ని బట్టే ఉంటుంది. దూరం పెరిగితే ఫైలు చిన్నది, కానీ కావలసిన చోటికి దూకడం నిదానం. ఎందుకంటే ప్లేయరు పీ ఫ్రేము దగ్గర నేరుగా మొదలుపెట్టలేదు. వెనకనున్న కీఫ్రేముకు వెళ్లి, అక్కడి నుంచి ఒక్కొక్కటీ కట్టుకుంటూ రావాలి. కొన్ని ప్లేయర్లు ఆ శ్రమ పడకుండా దగ్గర్లోని కీఫ్రేము దగ్గరే ఆగిపోతాయి. మీరు వదిలిన చోట ఆగదన్న ఫిర్యాదుకు కారణం అదే.

చూసుకోవడానికి, దాచుకోవడానికి: 10 సెకన్ల దాకా దూరం ఉండవచ్చు. హ్యాండ్‌బ్రేక్ తనంతట తాను పెట్టేది కూడా దాదాపు అంతే.

వెబ్‌లో ముక్కలు ముక్కలుగా స్ట్రీమ్ చేయడానికి: 2 సెకన్లు. తన స్ట్రీమింగ్ పద్ధతి హెచ్ఎల్ఎస్‌కు యాపిల్ ఇచ్చే సూచన కూడా ఇదే. యూట్యూబ్ లైవ్‌కు సూచించేది కూడా 2 సెకన్లే, 4 దాటవద్దంటారు.

యూట్యూబ్‌కు అప్‌లోడ్ చేయడానికి: వాళ్ల సూచన ప్రకారం అర సెకనుకో కీఫ్రేము, వరసగా రెండు బీ ఫ్రేములు. అయినా ఇక్కడ సైజు కోసం తంటాలు పడకండి. మీరేది పంపినా వాళ్లు మళ్లీ కుదిస్తారు. మీ నెట్ మోయగలిగినంత మంచి ఫైలు పంపడమే లాభం.

ఎడిటింగ్‌కు: అసలు ఈ పద్ధతే వద్దు. ప్రోరెస్, డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ లాంటివి ప్రతి ఫ్రేమునూ సొంతంగా దాస్తాయి. ఫైలు పెద్దదే, కానీ టైమ్‌లైను మీద వెనక్కీ ముందుకీ లాగినా తడబడదు. కుదించే పని ఎడిటింగ్ అంతా అయిపోయాక చివర్లో చేయాలి.

లెక్క చాలా తేలిక. ఫ్రేమ్‌రేటును సెకన్లతో గుణించండి. 30 ఫ్రేములు, 2 సెకన్లు అంటే 60. 25 అయితే 50. 29.97 అయినా 60 అనే రాయండి. 60 ఫ్రేముల వీడియోకు 120. ఇక్కడ తప్పు చేసేవాళ్లు చాలామంది: ఎక్కడో చూసిన 60 అనే అంకెను 60 ఫ్రేముల వీడియోకూ అలాగే పెట్టేస్తారు. అప్పుడు కీఫ్రేము సెకనుకొకటి పడి, ఉత్తపుణ్యానికి ఫైలు ఉబ్బుతుంది.

3. ఊహకు అడ్డం వచ్చేవాటిని తీసేయండి

ఈ మెట్టు ఎక్కకుండా దాటేసేవాళ్లే ఎక్కువ. నా లెక్కలో అన్నిటికంటే విలువైనది ఇదే.

మొదటి శత్రువు నాయిస్. తక్కువ వెలుతురులో తీసిన వీడియోలో గోడను దగ్గరగా చూడండి, ఇసుక చల్లినట్టు చుక్కలు కదులుతుంటాయి. ఒక ఫ్రేములో చుక్క ఉన్న చోట తర్వాతి ఫ్రేములో ఉండదు. వెనకటి ఫ్రేములో ఎంత వెతికినా జత దొరకదు కాబట్టి ఎన్‌కోడర్ ఆ చుక్కలన్నిటినీ "తేడా" కింద ప్రతిసారీ కొత్తగా రాస్తుంది. గోడ కదలడం లేదు, అయినా బిట్లు మాత్రం గోడకే పోతున్నాయి. పాపం, ముఖానికి మిగిలేది తక్కువ.

హ్యాండ్‌బ్రేక్‌లో ఫిల్టర్స్ ట్యాబుకు వెళ్లి డీనాయిస్ దగ్గర ఎన్ఎల్‌మీన్స్ ఎంచుకుని, అల్ట్రాలైట్‌తో మొదలుపెట్టండి, చాలకపోతే లైట్. ఇది బాగా నెమ్మది. మీ కంప్యూటర్ పాతదైతే దాని పక్కనే ఉన్న హెచ్‌క్యూడీఎన్3డీ తీసుకోండి, పని త్వరగా అవుతుంది. మీడియం, స్ట్రాంగ్ జోలికి పోవద్దు. సైజు బ్రహ్మాండంగా తగ్గుతుంది, మనుషులు మైనపు బొమ్మలవుతారు. పాత సినిమా రీలులోని గ్రెయిన్ అయితే అది బొమ్మలో భాగమే, దాన్ని తుడవాలా వద్దా అన్నది మీ అభిరుచి. ఉంచాలనుకుంటే సైజు మీద ఆశ వదులుకోండి.

రెండోది ఇంటర్‌లేస్. మొదటి మెట్టులో స్కాన్ టైపు ఇంటర్‌లేస్డ్ అని రాసుకుంటే, అదే ట్యాబులో డీఇంటర్‌లేస్ దగ్గర డీకోంబ్ పెట్టండి. కదిలే అంచుల మీద దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తాయే, అవి అలాగే ఉంచి కుదిస్తే బొమ్మా పాడే, సైజూ దండగే.

మూడోది ఫ్రేమ్‌రేటు మార్పిడి. 25ను 30 చేయడం, 24ను 60 చేయడం వద్దు. ఎన్ని ఫ్రేములున్నాయో అన్నే ఉంచండి. అలాగే 720ను 1080కి పెంచకండి. లేని వివరం పుట్టదు, ఉన్న మసకకే ఎక్కువ బిట్లు అవుతాయి.

నాలుగోది ఇప్పుడు తీయగలిగేది కాదు, ఈసారి షూట్ చేసేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సింది: చేతి వణుకు. కెమెరా నిదానంగా పక్కకు జరిగితే ఎన్‌కోడర్‌కు సమస్య లేదు, చదరాలన్నిటికీ ఒకే చిరునామా సరిపోతుంది. కానీ వణుకులో బొమ్మ తిరుగుతుంది, మసకబారుతుంది, మళ్లీ తేరుకుంటుంది. జరగడమైతే చిరునామాతో పోతుంది గానీ, తిరగడాన్నీ మసకనూ హెచ్.264 చిరునామాలో చెప్పలేదు. ట్రైపాడ్ ఒక్కటి నిలబెడితే ఏ కోడెక్ మార్పూ ఇవ్వనంత లాభం వస్తుంది. ఒకసారి వానను చేత్తో పట్టుకుని తీశాను. తర్వాత కుదించబోతే, మూడుసార్లు సెట్టింగులు మార్చినా ఒరిజినల్ కంటే చెప్పుకోదగ్గ చిన్నది కాలేదు. తప్పు సెట్టింగులది కాదు, చినుకులదీ నా చేతిదీ.

4. హ్యాండ్‌బ్రేక్‌లో ఎన్‌కోడర్ ఎంచుకోండి

ఫైలు తెరిచి, ప్రీసెట్లలో ఫాస్ట్ 1080పీ30 తీసుకోండి. దీంతో మొదలుపెట్టడం సులువు. జాగ్రత్త: ఈ ప్రీసెట్ 30 ఫ్రేములకు మించనివ్వదు. మీది 60 ఫ్రేముల వీడియో అయితే సగం ఫ్రేములు మాయమవుతాయి, మీకు చెప్పదు కూడా. వీడియో ట్యాబులో ఫ్రేమ్‌రేటును "సేమ్ యాజ్ సోర్స్" చేయండి. పక్కనే కాన్‌స్టంట్ ఎంచుకోండి. ఫోన్ వీడియోలను తర్వాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేసినప్పుడు మాట ముందు, పెదవి వెనక అవ్వకుండా ఇది కాపాడుతుంది.

ఇక ఎన్‌కోడర్. ఎవరి ఫోన్‌లోనైనా, ఎంత పాత టీవీలోనైనా ఆడాలంటే ఎక్స్264 (హెచ్.264 ఫైళ్లు చేసే ఎన్‌కోడర్). సైజు ఇంకా తగ్గాలి, చూసేవాళ్ల పరికరాలు కొత్తవి అంటే ఎక్స్265 (హెచ్‌ఈవీసీ ఫైళ్లు చేసేది). ఏవీ1 ఇంకా చిన్న ఫైలిస్తుంది, కానీ పాత పరికరాలు దాన్ని ఆడించలేక చెమటలు కక్కుతాయి. తెలియకపోతే ఎక్స్264 తీసుకోండి, చింత ఉండదు.

జాబితాలో ఎన్‌వీఎన్‌క్, క్విక్‌సింక్, వీడియోటూల్‌బాక్స్ అనేవి కూడా కనిపిస్తాయి. ఇవి గ్రాఫిక్స్ చిప్పు చేసే ఎన్‌కోడింగ్. చాలా వేగం. ఆ వేగం కొంత ఆ పనికే కట్టిన చిప్పు వల్ల, కొంత చిరునామాలు వెతికే పనిని కుదించుకోవడం వల్ల వస్తుంది. అందుకే అదే నాణ్యతకు ఫైలు పెద్దదవుతుంది. లైవ్‌కు ఇవి సరైనవే. ఒకసారి కుదించి ఏళ్ల తరబడి దాచుకునే ఫైలుకు రాత్రంతా పట్టినా సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడర్ మేలు. ఇంకో సంగతి: కింద ఆరో మెట్టులో రాసిన ఆప్షన్లు ఎక్స్264, ఎక్స్265ల కోసం. వీటికి అవే పేర్లు పనిచేస్తాయని నమ్ముకోకండి.

ప్రొఫైల్ దగ్గర బేస్‌లైన్ ఎంచుకోకండి. "అన్నిటిలో ఆడుతుంది" అని ఎప్పుడో ఎవరో చెప్పిన మాట ఇంకా తిరుగుతోంది. బేస్‌లైన్‌లో బీ ఫ్రేములు ఉండవు, వెలుతురు నెమ్మదిగా మారే సీన్లను పట్టుకునే వెయిటెడ్ ప్రెడిక్షన్ ఉండదు. ఫైలు పెరుగుతుంది, ఫేడ్‌లు చెడతాయి. హై లేదా ఆటో.

5. క్వాలిటీ స్లయిడర్, వేగం

కాన్‌స్టంట్ క్వాలిటీ ఎంచుకోండి. దాని పక్కన ఉండే ఆర్ఎఫ్ అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది. హ్యాండ్‌బ్రేక్ వాళ్లు 720కు 19 నుంచి 23, 1080కి 20 నుంచి 24, 4కేకు 22 నుంచి 28 సూచిస్తారు. 1080 అయితే 22తో మొదలుపెట్టండి. 6 అంకెలు పెంచితే సైజు సుమారు సగమవుతుంది, 6 తగ్గిస్తే రెట్టింపు. కాబట్టి ఒక్కో అంకె చొప్పున పాకకండి, రెండేసి మారుస్తూ చూడండి. ఎక్స్264లో 22, ఎక్స్265లో 22 ఒకటే నాణ్యత కాదు, అవి వేర్వేరు కొలబద్దలు.

బిట్‌రేటును నేరుగా పెట్టవద్దని ఎందుకంటానంటే, ఊహించడం తేలికైన సీన్లకు అనవసరంగా పోసి, కష్టమైన సీన్లను ఎండగట్టే ప్రమాదం అందులోనే ఎక్కువ. సైజు పరిమితి ఉన్నప్పుడు మాత్రం తప్పదు. అప్పుడు యావరేజ్ బిట్‌రేటు, దానితో మల్టీపాస్ రెండూ పెట్టండి. మొదటి చుట్టులో ఎన్‌కోడర్ ఎక్కడ కష్టమో చూసుకుంటుంది, రెండో చుట్టులో బిట్లు పంచుతుంది. లెక్క ఇలా: 10 నిమిషాల వీడియో 100 ఎంబీ దాటకూడదు. 100ను 8తో గుణిస్తే 800 మెగాబిట్లు, 600 సెకన్లతో భాగిస్తే 1.33 ఎంబీపీఎస్. ఆడియోకు 128 కేబీపీఎస్ తీసేస్తే వీడియోకు 1200 కేబీపీఎస్. అంచుదాకా పోకుండా 1150 పెట్టండి.

ఎన్‌కోడర్ ప్రీసెట్ అనే వేగం స్లయిడర్ చిరునామా కోసం ఎంత దూరం, ఎంత ఓపికగా వెతకాలో చెబుతుంది. మీడియం బాగుంటుంది, ఓపికుంటే స్లో. వెరీ స్లో, ప్లాసిబో దాకా పోతే సమయం కొండంత పెరిగి లాభం గోరంత వస్తుంది. ట్యూన్ దగ్గర మామూలు వీడియోకు ఏమీ పెట్టక్కర్లేదు. కార్టూన్లకు యానిమేషన్, గ్రెయిన్ ఉంచాలంటే గ్రెయిన్. జీరో లేటెన్సీ అన్నది వీడియో కాల్ లాంటివాటికి. పేరు బాగుందని పెట్టుకుంటే బీ ఫ్రేములు ఆగిపోతాయి.

6. కీఫ్రేము దూరం, బీ ఫ్రేముల సంఖ్య

ఫైలు చూసుకోవడానికే అయితే ఈ మెట్టు వదిలేయండి, ప్రీసెట్ చూసుకుంటుంది. స్ట్రీమింగ్‌కో, తరచూ ముందుకీ వెనక్కీ లాగే పాఠాల వీడియోకో అయితే చేయండి.

వీడియో ట్యాబులో అడుగున అదనపు ఆప్షన్లు రాసే పెట్టె ఉంటుంది. వెర్షన్‌ను బట్టి దాని పేరు కొద్దిగా మారుతుంది. అందులో చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో కే, ఈ, వై, ఐ, ఎన్, టీ రాసి, సమానం గుర్తు పెట్టి, రెండో మెట్టులో వచ్చిన అంకె వేయండి. తర్వాత కోలన్. తర్వాత బీ, ఎఫ్, ఆర్, ఏ, ఎం, ఈ, ఎస్, సమానం గుర్తు, 3. ఎక్కడా ఖాళీ వదలకండి, అక్షరం తప్పకండి. తప్పితే ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక రాదు. లాగ్ అనే పని వివరాల ఫైలులో ఎక్కడో ఒక లైను పడుతుంది, పని మాత్రం పాత సెట్టింగుతోనే సాగిపోతుంది. ఒక అక్షరం తారుమారు చేసి రాత్రంతా ఒక పాఠాల వరసను కుదించి, తెల్లారాక మొత్తం మళ్లీ చేసిన ఘనత నాది.

కొన్ని సందేహాలు ఇక్కడే తీర్చేస్తాను.

"కీఫ్రేములు ఎక్కువుంటే నాణ్యత ఎక్కువ కదా?" అదే సైజులో అయితే తారుమారు. పూర్తి బొమ్మ కాబట్టి కీఫ్రేము పీ ఫ్రేముకు ఎన్నో రెట్లు బరువు. వాటికే బిట్లన్నీ పోతే మిగతా ఫ్రేములు పస్తుంటాయి.

"అయితే 1000 పెట్టేస్తే?" పెద్దగా ఏమీ మిగలదు. సీను మారిన చోట ఎన్‌కోడర్ తనంతట తానే కీఫ్రేము వేస్తుంది, ఎందుకంటే కొత్త సీనుకు పాత సీనులో జత దొరకదు. మీరు పెట్టేది గరిష్ఠ దూరం మాత్రమే. అందుకే సీన్‌కట్ అనే ఆప్షన్‌ను ఆపకండి. ఒకే వీడియోను మూడు నాలుగు నాణ్యతల్లో చేసి, నెట్ వేగాన్ని బట్టి ఒకదాంట్లోంచి మరోదాంట్లోకి మారేలా స్ట్రీమ్ చేసేవాళ్లకు మాత్రం మినహాయింపు. అక్కడ అన్ని ఫైళ్లలోనూ కీఫ్రేములు ఒకే క్షణంలో పడాలి కాబట్టి సీన్‌కట్ సున్నా చేసి, దూరాన్ని కచ్చితంగా ఉంచుతారు.

"బీ ఫ్రేములు 16 పెట్టొచ్చా?" ఎక్స్264 ఒప్పుకుంటుంది. కదలిక ఉన్న వీడియోలో అన్ని వాడుకోదు, వేగం మాత్రం తగ్గుతుంది. 3 చాలు, కార్టూన్లకు 5.

"రిఫరెన్స్ ఫ్రేములు పెంచితే?" ఎన్ని పాత ఫ్రేముల్లో జత వెతకవచ్చన్న లెక్క అది. హెచ్.264లో 1080 వీడియో లెవెల్ 4.1లో (పరికరం మోయగల హద్దు) ఆడాలంటే 4 దాటకూడదు. ఎవరో చెప్పారని 16 పెడితే కంప్యూటర్‌లో ఆడుతుంది, టీవీలో నల్ల తెరే.

ఎక్స్265 వాడేవాళ్లకు ఒక ముక్క. అది మామూలుగా ఓపెన్ జీఓపీ (గాప్ అని కూడా అంటారు) పద్ధతిలో పనిచేస్తుంది, అంటే కీఫ్రేము చుట్టూ ఉన్న కొన్ని ఫ్రేములు దాని అవతలి వైపు ఫ్రేములను కూడా చూడవచ్చు. చూడటానికి ఇబ్బంది లేదు. ముక్కలు కోయాలన్నా, స్ట్రీమ్ చేయాలన్నా దాన్ని ఆపేయండి: ఓపెన్ అన్న మాట, హైఫన్, జీఓపీ, సమానం గుర్తు, సున్నా.

7. ముందు 30 సెకన్లు

మొత్తం ఫైలును వదిలేసి పడుకోకండి. అన్నిటికంటే కష్టమైన 30 సెకన్లు ఎంచుకోండి: నీళ్లు, జనం పరుగు, కెమెరా ఫ్లాష్‌లు, చీకటి గోడ మీద మెల్లగా తగ్గే వెలుతురు. సోర్స్ పక్కన రేంజ్ దగ్గర చాప్టర్లకు బదులు సెకన్లు పెట్టి ఆ ముక్కను మాత్రమే కుదించండి. ఆర్ఎఫ్ 20, 22, 24లతో మూడు ముక్కలు చేసి పక్కపక్కన చూస్తే మీ కంటికి ఏది చాలో పది నిమిషాల్లో తేలిపోతుంది. తేలిక ముక్కతో పరీక్షించి సంతోషపడటం ఇక్కడి మామూలు పొరపాటు.

8. మొత్తం కుదించి, ఇలా సరిచూసుకోండి

కాగితం పరీక్ష. కొత్త ఫైలును మీడియాఇన్ఫోలో తెరవండి. ఎక్స్264, ఎక్స్265 రెండూ తాము వాడిన సెట్టింగులను ఫైలులోనే రాసి పెడతాయి. ఎన్‌కోడింగ్ సెట్టింగ్స్ అనే పొడుగాటి లైనులో మీరు పెట్టిన కీఫ్రేము దూరం, బీ ఫ్రేముల సంఖ్య కనిపించాలి. 60 అనుకున్న చోట 300 ఉంటే ఆరో మెట్టులో అక్షరం తప్పింది.

ఫ్రేముల పరీక్ష. అవిడెమక్స్‌లో ఫైలు తెరిచి పై బాణం మీట నొక్కండి. ఒక్కో నొక్కుకు ఒక కీఫ్రేముకు దూకుతుంది. కింద కనిపించే టైములో తేడా మీరు పెట్టుకున్న దూరానికి (ఉదాహరణకు 2 సెకన్లకు) మించకూడదు. తక్కువుంటే సీను మారిందని అర్థం, తప్పు కాదు. కుడి బాణంతో ఒక్కో ఫ్రేమూ జరిగితే అది ఐనా, పీనా, బీనా అన్నది కింద రాసి ఉంటుంది. ఇది కాసేపు చూడమని అందరికీ చెబుతాను. ఎన్‌కోడర్ ఎక్కడ ఊహించింది, ఎక్కడ చేతులెత్తేసి కొత్తగా గీసిందో కళ్లకు కడుతుంది.

కంటి పరీక్ష. వీఎల్‌సీలో ఇంగ్లీషు అక్షరం 'ఈ' నొక్కితే ఒక్కో ఫ్రేమూ ముందుకు పోతుంది. మూడు చోట్ల చూడండి: సీను మారిన వెంటనే వచ్చే ఫ్రేములు, వేగంగా కదిలే చేతుల అంచులు, చీకట్లో సాఫీగా ఉండాల్సిన గోడ. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. ఆపి చూసిన ఒక్క ఫ్రేమును బట్టి తీర్పు చెప్పకండి. బీ ఫ్రేములకు ఎన్‌కోడర్ కావాలనే తక్కువ బిట్లు ఇస్తుంది. ఎక్స్264 వాటిలో కొన్నింటిని వేరే ఫ్రేములకు ఆధారంగా వాడినా చాలావాటిని ఇంకేదీ చూడదు, తెర మీద ఉండేది సెకనులో ముప్పయ్యో వంతు. ఆపితే వికారంగా ఉండి, ఆడిస్తే కనిపించకపోతే అది ఎన్‌కోడర్ తెలివే.

చివరి పరీక్ష. వీడియో చివరి నిమిషానికి లాగి మాట, పెదవి కలుస్తున్నాయో లేదో చూడండి. మొదట్లో కలిసి చివర్లో విడిపోవడం మారే ఫ్రేమ్‌రేటు ఇచ్చే కానుక.

ఇంకా బాగా రాకపోతే

కదలికలో చదరాలు: ఆర్ఎఫ్‌ను 2 తగ్గించండి, వేగాన్ని ఒక మెట్టు నెమ్మది చేయండి. బిట్‌రేటు పద్ధతిలో ఉంటే మల్టీపాస్ పెట్టారో లేదో చూడండి. అప్పటికీ చాలకపోతే 1080ను 720కు దించండి. చదరాల 1080 కంటే శుభ్రమైన 720 ఎప్పుడూ బాగుంటుంది.

రెండేసి సెకన్లకు బొమ్మ ఊపిరి పీల్చినట్టు ఉబ్బి తగ్గడం: కీఫ్రేము వచ్చినప్పుడల్లా గోడ మీది వివరం తాజాగా గీయబడి, తర్వాతి ఫ్రేముల్లో మెల్లగా అరిగిపోయి, మళ్లీ తాజా అవుతోంది. దూరం పెంచగలిగితే పెంచండి. పెంచలేకపోతే ఆర్ఎఫ్ తగ్గించండి.

కోసిన ముక్క మొదట్లో బూడిద మరకలు: కోత పీ ఫ్రేము మీద పడింది. అది చూసుకోవాల్సిన వెనకటి ఫ్రేము ఇప్పుడు ఫైలులో లేదు, తర్వాతి కీఫ్రేము వచ్చేదాకా లేనిదానికే అతుకులు వేస్తుంది. అవిడెమక్స్‌లో పై బాణంతో కీఫ్రేము మీద నిలబడి అక్కడి నుంచి కోయండి, మళ్లీ కుదించాల్సిన పని ఉండదు. సరిగ్గా అదే ఫ్రేము దగ్గర కోయాల్సివస్తే ఆ ముక్కను మళ్లీ ఎన్‌కోడ్ చేయక తప్పదు. లైవ్‌లో నెట్ తడబడినప్పుడు మనిషి ముఖం కారిపోయినట్టు కనిపించేదీ ఈ కారణంతోనే. ఆ మరకలు నచ్చి, కావాలనే కీఫ్రేములు తీసేసి వీడియోలు చేసే కళాకారులూ ఉన్నారు, దాన్ని డేటామోషింగ్ అంటారు.

ఒక ఫ్రేము వెనక్కి జరగడం కష్టంగా ఉండటం: ఇది లోపం కాదు. వెనకటి ఫ్రేము చూపాలంటే ప్లేయరు కీఫ్రేము దాకా వెళ్లి మళ్లీ రావాలి. తరచూ ఆ అవసరం ఉంటే దూరం తగ్గించండి.

కొత్త ఫైలు పాతదాని కంటే పెద్దదవడం: నమ్మరు గానీ నెలకు ఒకరైనా ఇది అడుగుతారు. పాత ఫైలు అప్పటికే గట్టిగా పిండినది. ఆర్ఎఫ్ ఏమో "నా ముందున్న బొమ్మను ఇంత నమ్మకంగా గీస్తాను" అని మాటిచ్చింది. ముందున్న బొమ్మలో పాత చదరాలూ, మరకలూ ఉన్నాయి, వాటినీ అంతే శ్రద్ధగా గీసింది. ఆర్ఎఫ్ 26 దాకా పెంచి ఒక ముక్క చూడండి. అప్పుడూ చెప్పుకోదగ్గంత తగ్గకపోతే కొత్త ఫైలు చెరిపేసి, పాతదాన్నే ఉంచుకోండి.